పతనము, పాతనము: సెప్టెంబరు నామములపై విచారము

1948 సెప్టెంబరు 17వ తేదీన హైదరాబాదు సంస్థానమున జరిగినదానికి తెలుగున నాలుగు పేరులు గలవు. విమోచన మనువారు కొందఱు, విలీన మనువారు కొందఱు, విద్రోహ మనువారు కొందఱు. ప్రభుత్వపు దస్తరములలో నిలిచినది పోలీసుచర్య. ఇటీవల నీ నాలుగును జాలక మఱి రెండు చేరినవి. 2022లో కేంద్రప్రభుత్వమువారు విమోచనదినమని యుత్సవము చేయగా నదే దినమున తెలంగాణ రాష్ట్రప్రభుత్వమువారు జాతీయ సమైక్యతాదినమని వేఱొక యుత్సవమును జరిపిరి. 2024 మార్చిలో కేంద్రమువారు తమ పేరును రాజపత్రమున బ్రకటించిరి. ఆ సెప్టెంబరుననే రాష్ట్రమువారు ప్రజాపాలనదినమను నూతననామమును దెచ్చిరి. పేరులు పెక్కుగా నుండుట పంచాంగకర్తలకు గ్రొత్త గాదు. ఏకాదశులకు నిరువదినాలుగు పేరులు గలవు. కాని యవి యిరువదినాలుగు దినములు. ఇది యొక్క దినము.

ఈ వివాదమును రాజకీయులకు విడిచి తాము దూరముగా నుండుట పండితులకు బరిపాటి యైనది. పాఠశాలలో బాలురకీ పదములను జెప్పవలసినవారు పండితులే యగుటచే నా పరిపాటి తగదు. అంతియగాదు. ఇచ్చటి వివాదము జరిగినదానిని గూర్చి కాదు, కారకమును గూర్చి. సైన్యము 13వ తేదీన సరిహద్దు దాటెననియు, 17వ తేదీన నిజాము కాల్పుల విరమణమును బ్రకటించెననియు, మఱునాడు సంస్థానసేనాని యెల్ ఎడ్రూసు మేజరు జనరలు చౌదరికి లొంగెననియు నందఱు నొప్పుకొందురు. ఎవడు కర్త, ఎవడు కర్మ యను ప్రశ్న వచ్చినపుడే నాలుగు పేరులు నాలుగు దిక్కులకు దిరుగుచున్నవి.

మొదట విమోచనము. ముచ్ ధాతువు సకర్మకము. కేవలధాతువునకైనను ణిజంతమునకైనను ల్యుట్టు చేర్పగా మోచనమనియే రూపము. ఎట్లైనను విడిపించువా డొకడును విడివడువా డొకడును నుండక తప్పదు. విముక్తి యన్నచో లోకవ్యవహారమున దనంతట దాను విడివడెనను భావమునకు జోటు గలదు. విమోచన మన్నచో విడిపించినవాని చేయి కనబడవలయును. ఆ చేయి సైన్యమునదైనచో, 1946 జులై 4న నాటి నల్లగొండజిల్లా కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగిననాటినుండి రెండేండ్లకు బైగా కఱ్ఱయు వడిసెలయు బట్టినవారు కర్మస్థానమునకు దిగిపోవుదురు. 1947 అక్టోబరులో పాలమూరు జిల్లా అప్పంపల్లిలో పోలీసుల కాల్పులకు బలియైనవారును నంతే. పదమునం దబద్ధము లేదు, చోటు చాలదు.

విలీనము మఱియొక తెఱగు. లీ ధాతువు శ్లేషణార్థకము, దైవాదికము, అకర్మకము. క్తప్రత్యయపు తకారము "ఓదితశ్చ" యను సూత్రముచే నకారమగును. అకర్మకమగుటచే క్తము కర్త యందే వచ్చును: కరగినది విలీనము. చక్కెర పాలలో విలీనమైనదన్నచో గలిపినవాడెవ్వడని యడుగుట కవకాశము లేదు. కలిపినవానిని జూపవలెనన్నచో చ్వి ప్రత్యయముతో విలీనీకరణ మనవలయును; ఆ మాటను బ్రభుత్వములు వాడవు. కావున విలీనవాదమునకు వ్యాకరణమున నొక సౌకర్యము గలదు. సైన్యమును గనబడదు, నిజామును గనబడడు, రైతును గనబడడు. సంస్థానము తానే కరగినది.

విద్రోహపదము నాలుగింటిలోను దీక్ష్ణమైనది. దీనిని వాడువారు దక్కువ, కాని కారకవిషయమున నిదియే మిక్కిలి స్పష్టము. "క్రుధద్రుహేర్ష్యాసూయార్థానాం యం ప్రతి కోపః" యను సూత్రముచే ద్రోహమెవనికి జరిగెనో వాడు సంప్రదానము. దానము నందుకొనువాడును సంప్రదానమే. సుందరయ్యగారి గ్రంథము చెప్పినట్లు మూడు వేల గ్రామములలో సంఘమువారు పది లక్షల యెకరములను బంచియుండిరన్నచో, ఆ భూమిని బొందినపుడు సంప్రదానమైన రైతే, సైన్యము వెంట దొరలు మరలివచ్చి యా భూమిని లాగికొన్నపుడును సంప్రదానమయ్యెను. చతుర్థి యొక్కటే, బ్రతుకులు రెండు.

పోలీసుచర్యను గూర్చి చెప్పవలసినది కొంచెము. నడచినది సైన్యము, పేరు పోలీసులది. హైదరాబాదువారి ఫిర్యాదప్పటికే యైక్యరాజ్యసమితి భద్రతామండలి యెదుట నుండెను. ఇది యుద్ధము కాదు, ఇంటిలోని శాంతిభద్రతల విషయమని చెప్పుకొనుటకు బుట్టిన పదమిది.

ఇట్టి చిక్కు తెలుగువారికే కాదు, ఇటలీదేశీయులకును గలదు. వారి పరిష్కార మిచ్చట బనికివచ్చును. 1943 జులై 24, 25 తేదీల నడిమి రాత్రి రోమునగరమున ఫాసిస్టు మహామండలి కూడి గ్రాందీ తీర్మానమును బందొమ్మండుగురి సమ్మతితో నంగీకరించెను. మఱునాడు రాజగు విక్టరు ఇమ్మాన్యుయేలు ముస్సోలినీని బంధింపించి బడోల్యోను బ్రధానిగా జేసెను. ఇరువది యొక్క సంవత్సరముగా దేశమునేలినవాడొక దినములో బడిపోయెను. దీనిని బతన మనవలెనా, పాతన మనవలెనా? పత్ ధాతువునకు ల్యుట్టు వచ్చినచో బతనము, పడినవాడే కర్త. ణిచ్చు వచ్చినచో బాతనము, పడద్రోసినవాడు కర్త. పడద్రోసినవారెవరని చూచినచో వాని మండలిలోనివారే, వానిని నిలిపిన రాజే. రైతులును గారు, కర్మాగారములలోని శ్రామికులును గారు. వారు మార్చినెలలో ఉత్తరనగరములలో సమ్మెలు చేసియుండినను దీర్మానము చేసినది వారు కాదు.

అచ్చటితో ముగిసియుండినచో నితరదేశముల రాజభవనకుట్రలలో నిదియు నొకటి యయ్యెడిది. సెప్టెంబరు 3న సంధిపత్రము వ్రాయబడి 8న బ్రకటింపబడెను. మఱునాటి వేకువనే రాజు రోమును విడిచి దక్షిణమున బ్రిందిసికి బోయెను. సైన్యమున కాజ్ఞ యిచ్చువాడు లేడు. ఆఱు లక్షలకు బైగా నిటలీ సైనికులను జర్మనులు నిరాయుధులను జేసి చెఱబట్టిరి. 12న జర్మనులు ముస్సోలినీని గొండమీది చెఱనుండి విడిపించుకొనిపోయి యుత్తరమున సాలో కేంద్రముగా మరల గద్దె నెక్కించిరి. పడినవాడు లేచెను! ఇంక నిరువది మాసములు కొండలలో స్వచ్ఛందయోధులు, మైదానములలో మిత్రసైన్యములు పోరాడిన పిమ్మట 1945 ఏప్రిలు 28న ముస్సోలినీ చంపబడెను.

ఇందు గమనింపవలసినది, ఇటలీవారు విమోచనదినమను పేరును నే దినమునకు బెట్టిరనునది. జులై 25కు గాదు, సెప్టెంబరు 8కి గాదు. ఏప్రిలు 25కు. ఉత్తరేటలీ జాతీయవిమోచనసమితివారు ప్రజలను దిరుగుబాటునకు బిలిచిన దినమది. మిత్రసైన్యములు రాకపోయినచో నా పిలుపు ఫలించెడిదా యను ప్రశ్న వేఱు. ప్రజలు కర్తృస్థానమున నుండిన దినమును వెదకి, ఆ దినమునకే యా పదమును గట్టిరి. హైదరాబాదు విషయమున, సైన్యము కర్తయైన దినమునకే యా పదము కట్టబడినది. చిక్కంతయు నిచ్చటనే యున్నది. కడివెండి దినమునకు నా పేరు పెట్టియుండినచో నింత వాదము పుట్టెడిది కాదేమో!

ఏప్రిలు 25తో నిటలీలోను వాదము తీఱలేదు. 1991లో క్లాడియో పవోనె యను చరిత్రకారుడు పెద్దగ్రంథము వ్రాసి, ఆ యిరువది మాసములలో నొక యుద్ధము గాదు, మూడు జరిగినవని చూపెను. పరదేశీయులగు జర్మనులతో దేశయుద్ధము, ఇటలీవారిలో నిటలీవారికే అంతర్యుద్ధము, యజమానులతో వర్గయుద్ధము. ఒకే మనుష్యుడు మూడింటను బోరాడియుండవచ్చును. ఈ త్రైవిధ్యము తెలంగాణమునకు గొంత చక్కగా నన్వయించును. నిజాముపై నొక పోరు, దేశ్‌ముఖులపై నొక పోరు, మతము పేర నిరుగుపొరుగులలో బుట్టింపబడిన పోరు. విమోచనవాదులు మొదటిదానిని, విద్రోహవాదులు రెండవదానిని జూతురు. మూడవదానిని జూచువా రరుదు.

రజాకారులను ఫాసిస్టులనుట తెలుగు వ్రాతలలో బరిపాటి. ఈ యుపమానమెంతవఱకు నిలుచునో చూడదగును. ఫాషియో యనగా నిటలీభాషలో గట్ట, మోపు. ప్రాచీన రోమున నధికారుల ముందు గొడ్డలితో గూర్చి కట్టిన బెత్తముల మోపును మోసెడివారు. 1890 తరువాత సిసిలీద్వీపపు రైతులును గూలీలును దమ సంఘములకు నీ పేరే పెట్టుకొనిరి. 1894లో బ్రభుత్వమువారు సైన్యమును బంపి వానినణచిరి. 1919లో ముస్సోలినీ యా పదమునే కైకొనెను. 1921 నాటికి బో నదీలోయలో వాని నల్లచొక్కాలవారు భూస్వాముల ధనముతో రైతుసంఘముల యిండ్లను దగులబెట్టుచుండిరి. సంఘమను నర్థముగల పదమే సంఘములను గొట్టెడి కఱ్ఱయైనది. పదచౌర్యము ధనచౌర్యముకంటె సుకరము, ఫిర్యాదు చేయువాడుండడు.

రజాకారు పదమున రజా యరబ్బీ, సమ్మతి యని యర్థము. కార్ పారసీ, చేయువాడని యర్థము. కుంభకార స్వర్ణకారములలోని కారమున కిది జ్ఞాతి. ఇష్టపూర్వకముగా సేవచేయువాడని యోగార్థము. ఆ మాట చెవిని బడినంతనే పల్లెలు తలుపులు మూసికొన్నవి. యోగార్థము చచ్చి రూఢ్యర్థమే మిగిలిన పదమునకు విద్యార్థులకు జూపుటకింతకంటె మంచి యుదాహరణము లేదు.

రెండు దండులకును నిజమైన పోలిక యొక్కటి గలదు. బో లోయలో భూస్వాములు నల్లచొక్కాలవారిని బిలిచినట్లే నల్లగొండలో గొందఱు దేశ్‌ముఖులు రజాకారులను దమ గడీలకు బిలిచిరి. ఆ దేశ్‌ముఖులలో బెక్కుమంది హిందువులు. సుందరయ్యగారి గ్రంథము విసునూరు దేశ్‌ముఖునకు నలువది వేల యెకరములనియు, సూర్యాపేటప్రాంతపు జన్నారెడ్డి వంశమువారికి లక్షయేబది వేలనియు జెప్పుచున్నది. ఇంత భూమి గలవాడు తన భూమిని గాపాడువాని మతమును బరిశీలింపడు. ముసల్మానుల పాలనయే పడిపోయెనని చెప్పువారును, దానిని గాదనువారును నీ యొక్క విషయమును దడవినచో వారి వాదములు సగము తగ్గును.

పోలిక యింతవఱకే. ఫాసిజము రాజ్యమును గైకొని, బడులను, న్యాయస్థానములను, పత్రికలను దనవిగా జేసికొని రెండు దశాబ్దము లేలినది. రజాకారులు రాజు నీడలో గొలదికాలము పెరిగిన దండు. ఆ రాజే రెండవ ప్రపంచయుద్ధమున ముస్సోలినీకి విరోధపక్షమున నుండి యాంగ్లేయులచే విశ్వాసపాత్రుడగు మిత్రుడని బిరుదు వహించియుండెను. ఒకే మాటతో నిద్దఱిని జుట్టినచో నిద్దఱును దెలియరు.

సాహిత్యమునకు వచ్చినచో బోలిక మఱింత ఫలవంతమగును. ఇన్యాసియో సిలోనె ప్రవాసమున నుండి వ్రాసిన ఫొంతమార నవల 1933లో వెలువడెను. అబ్రుజ్జీ కొండలలోని యొక పేదపల్లె. ఊరి పొలములకు బాఱెడి సెలయేటిని గొత్తగా నధికారియైన ధనికుడొకడు తన భూములకు మరలించుకొనును. రైతులు మొఱపెట్టుకొనగా బ్రజాబంధువని పేరొందిన వకీలొకడు వచ్చి తీర్పు కుదుర్చును: నీటిలో మూడు పాళ్లు ధనికునికి, మిగిలినదానిలో మూడు పాళ్లు రైతులకు! ఇరుపక్షములకును మూడేసి పాళ్లని రైతులు సరేయందురు. ఎన్నాళ్లకు? ఏబది సంవత్సరములన్న రైతులొప్పరని యతడు పది లుస్త్రములని వ్రాయించును. లుస్త్రమనగా నైదేండ్లని వారెఱుగరు. ఫాసిజమును గూర్చి వ్రాసిన పెద్ద పెద్ద గ్రంథములు చెప్పలేనిదాని నీ ఘట్టము చెప్పినది. నల్లచొక్కాలవారు లారీలలో వచ్చి యూరిలోని స్త్రీలను జెఱచుట కథలో నున్నను, ఆ పల్లెను ముందుగా నోడించినది తుపాకి కాదు, ఒక పదము.

దస్తావేజు లన్నియు నుర్దూలో నుండి, తమ పొలము దొర పేర బట్టాయైన సంగతి యెఱుగక మూడు తరములు దున్నిన నల్లగొండ రైతున కీ లుస్త్రము క్రొత్త గాదు. కాని తెలంగాణపు నవలలో నిట్టి పదవంచనను గేంద్రముగా జేసిన ఘట్టము మాత్రము కనబడదు. నల్లగొండజిల్లాలో బుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజలమనిషియందు దిమ్మెగూడెము దొర రామభూపాలరావు దౌర్జన్యమును, కంఠీరవుని యెదుగుదలను గథగా జెప్పెను. అలంకారము లేని రచన. ఒక్కొక్కచో సభాకార్యక్రమమును జదివినట్లుండునని లోపమెన్నవచ్చును. వెట్టి యెట్లు జరుగునో, ఎవడెవనికి దేని నే దినమున జేయవలయునో యింత వివరముగా జూపిన తెలుగు నవల దానికి ముందు లేదు. అందలి గ్రామస్థుల దైన్యమున "బాంచను" పదము ధ్వనించును. మాటాడువాడు నేనని యనడు, తన్ను దాసుడని యనును. ఉత్తమపురుషము లేని భాష యది. ఆ పురుషమును దెచ్చుకొనుటయే కంఠీరవుని కథ.

దాశరథి రంగాచార్యుల చిల్లరదేవుళ్ళు (1969) పేరుతోడనే గెలిచినది. పెద్దదేవుడు నిజాము, చిల్లరదేవుళ్ళు దొరలును, కరణములును, పటేళ్లును. చిల్లర యనునది నాణెములకు జెల్లెడి విశేషణము. పెద్దనోటు రద్దైనను చిల్లర చెల్లుచునే యుండును. 1948 తరువాతి తెలంగాణచరిత్రకు వ్యాఖ్యానమీ సమాసమునందే యిమిడియున్నది, కథ యంతకు బూర్వకాలమునదైనను. పాత్రల సంభాషణమున నుర్దూ కలిసిన పల్లెభాషను వ్రాసి మర్యాదభంగమను భయమును బోగొట్టినందుకు రంగాచార్యులను మెచ్చుకొనవలయును. అడబాప వనజ పాత్ర మఱపునకు రాదు. లోపమొకటి. సిలోనె తన కథను బల్లెవారి నోటనే, తండ్రి తల్లి కొడుకు వంతులవారిగా, చెప్పించెను. చిల్లరదేవుళ్ళలో బయటినుండి వచ్చిన గాయకుడు సారంగపాణి చూపు కథపై బడి, గడీ యొక వింతగా గనబడుచుండును. గడీలో బుట్టి గడీలో జచ్చెడివానికి గడీ వింత కాదు.

పతనానంతరమును గూర్చి కార్లో లేవి యేబొలి దగ్గఱ క్రీస్తాగెను అను గ్రంథమున (1945) జెప్పినది మఱువరానిది. ఫాసిస్టులచే లుకానియా పల్లెకు బంపబడిన యా వైద్యుడు, అచ్చటి రైతులకు రోములోని ప్రభుత్వ మేదైనను వడగండ్లవాన వంటిదే యని గ్రహించెను. ఇటలీలో 1946 జూనున ప్రజలు వోట్లు వేసి రాజును దొలగించిరి. ఆ నెలలోనే న్యాయమంత్రియగు తొల్యాత్తి ఫాసిస్టులలో బెక్కురకు క్షమాభిక్ష యిచ్చెను. రాజు పోయెను, ఉద్యోగులు మిగిలిరి. హైదరాబాదున రాజును మిగిలెను. 1950 జనవరి 26 మొదలు 1956 వఱకు నిజామే రాజప్రముఖుడు. ఆ కాలముననే నల్లగొండ ప్రత్యేకన్యాయస్థానములలో మరణశిక్ష పొందిన పండ్రెండుగురు రైతుల యుసురులు సర్వోన్నతన్యాయస్థానమున వ్రేలాడుచుండెను. తుద కా శిక్షలు తగ్గింపబడినవి. సాయుధపోరాటము 1951 అక్టోబరు వఱకు నాగలేదు. సైనికగవర్నరు పాలన జాగీరులను రద్దుచేసెను, 1950లో గౌలుదారీచట్టమును వచ్చెను. ఇవి చిన్న పనులు కావు. కాని విమోచనపదము చేసిన వాగ్దానమున కివి తక్కువ.

మూడవపోరు మిగిలియున్నది. నెహ్రూగారు పంపిన పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారి సంఘము సైన్యము ప్రవేశించిన పిమ్మట జంపబడినవారు, తక్కువలో తక్కువ, యిరువదియేడు వేలు మొదలు నలువది వేల వఱకు నుందురని యంచనా వేసెను. వారిలో మిక్కిలి పాలు ముసల్మానులు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రకటింపబడలేదు. రజాకారుల దుండగములను గూర్చి తెలుగున నెంత వ్రాయబడినది! అది వ్రాయదగినదే. దాని ప్రక్కన నీ చావులను గూర్చి వ్రాసినది వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఇటలీలో చెసారె పవేసె కొండమీది యిల్లను నవలలో, దారిలో బడియున్న ఫాసిస్టు శవమును దాటజాలక నిలిచిపోయెడి మనుష్యుని జిత్రించెను. శత్రువు శవమైన పిదప శత్రువు గాడు, ఎవడును దాటిపోరానివాడు. తెలుగున నెల్లూరి కేశవస్వామి యుగాంతము కథ యొక్కటి యా దిక్కునకు నడచినది. ఆయన చార్మినారు సంపుటము 1981 వఱకు వెలువడకపోవుటయే యీ మౌనమున కొక కొలత. తరువాత నల్లగొండవాడగు స్కైబాబ కూర్చిన వతన్ (2004) కథలలో ముసల్మానుల యిండ్లలోని మాట తెలుగున వినబడినది. అప్పటి కేబదియాఱు సంవత్సరములు గడచినవి.

పాలమూరుజిల్లాకు జెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘికచరిత్రమును 1949లో వెలువరించిరి. రాజుల పేరులను దగ్గించి ప్రజల తిండి, బట్ట, పంట, పండుగలను జెప్పిన యా గ్రంథము 1907తో నాగినది. ఆళ్వారుస్వామి రెండవనవల గంగు, 1961లో నాయన చనిపోవుటచే నసంపూర్ణముగా మిగిలినది. రెండు జిల్లాల పెద్దలును సెప్టెంబరును దమ వచనమున నందుకొనలేదు. నిజాముపై నగ్నిని గురిసిన దాశరథి కృష్ణమాచార్యుల యగ్నిధార (1949) పద్యము గావున నిచ్చటి విచారమునకు వెలుపలిది.

మిగిలినవి పాటలు. బండి యాదగిరి, సుద్దాల హనుమంతు మొదలగువారి పాటలలో భావార్థకనామములు దాదాపుగా లేవు. యాదగిరి ప్రభువునే యేకవచనమున బిలిచి యెదుటికి రమ్మనును. నల్లగొండవాడగు హనుమంతు పల్లెటూరి పిల్లగాడను పాటలో బశువులను గాచు జీతపు పిల్లవానిని బిలిచి ప్రశ్నించును. ఆ పిల్లవాడు కర్తయు గాడు, కర్మయు గాడు, సంబోధ్యుడు. సంబోధనము కారకము గాదని వ్యాకరణము. అందుచేతనే కాబోలు నాలుగు పేరులలో నెందును వానికి జోటు దొరకలేదు.